వీఆర్ ఆటలో చిక్కుకున్న పిల్లల నవల: కరెంటు పోతే ఆట లోపల ఏమవుతుంది?

ప్రశ్న: మహేంద్రతనయ

9 నుంచి 12 ఏళ్ళ పిల్లల కోసం సైన్స్ ఫిక్షన్ సాహస నవల ఒకటి రాస్తున్నాను. కథ జరిగేది ఒడిశాలోని పర్లాకిమిడిలో. వీఆర్ (వర్చువల్ రియాలిటీ, కళ్ళ ముందు కృత్రిమ లోకాన్ని చూపించేది) హెడ్‌సెట్లు, గేముల తయారీ లోతుగా తెలిసినవాళ్ళు కాస్త చూసి చెప్పాలి.

కథ క్లుప్తంగా ఇది. హారిక (12), ఆమె తమ్ముడు నాని (8), వీధి చివర ఉండే ఒడియా కుర్రాడు బాపి (11), హారిక తరగతిలోనే చదివే సవర అమ్మాయి సుమంతి (12). నలుగురూ హారిక వాళ్ళింట్లో హెడ్‌సెట్లు పెట్టుకుని ‘చిన్న రైలు’ అనే ఆటలోకి వెళ్తారు. మన నౌపడా–గుణుపురం నారోగేజి లైనే ఆ ఆట. 1900లో పర్లాకిమిడి దాకా, 1931లో గుణుపురం దాకా వేసిన లైను. 2004లో ఆపేసి, బ్రాడ్‌గేజి చేసి 2011లో తెరిచారు కదా. ఆటలో మాత్రం ఆ పాత ఆవిరి బండే నడుస్తుంది. ఒక్కో స్టేషను ఒక్కో లెవెల్. ఆటను నడిపే యంత్రబుద్ధికి పిల్లలు గుణుపురం చేరడం ఇష్టం లేదు.

నాకు అడ్డుపడుతున్నవి చెప్తాను. మూడో అధ్యాయంలో కరెంటు పోతుంది, నలుగురూ ఆటలో చిక్కుకుపోతారు. ‘హెడ్‌సెట్ తీసేస్తే పోలా?’ అని ఈ కాలం పిల్లలు అడగరా? ఐదులో రైలు పైకప్పు మీద పరుగు ఉంది. ఏడులో సుమంతి స్థానంలో అచ్చం ఆమెలాంటి నకలు వస్తుంది, దాన్ని మిగతావాళ్ళు ఎలా పట్టుకోవాలో తోచడం లేదు. తొమ్మిదిలో లోకం అంచుకు వెళ్తారు, అక్కడ ఆట ‘చిరిగిపోతుంది’ అని రాశాను. ఆట చిరగడం నిజానికి ఎలా కనిపిస్తుంది? బొగ్గు వాసన, ఆవిరి వేడి కూడా పిల్లలకు తగిలినట్టు రాశాను. మంత్రాలతో పని జరగకూడదు, ప్రతిదానికీ యంత్రంలో కారణం ఉండాలన్నది నా పట్టుదల. మొహమాటం లేకుండా చెప్పండి.

జవాబు 1: పాలిగాన్ పాపారావు

ముందు కరెంటు సంగతి. మీరు రాసినదానికి సరిగ్గా తలకిందులుగా జరుగుతుంది.

మెటా కంపెనీ క్వెస్ట్ లాంటి హెడ్‌సెట్‌లో ప్రాసెసర్, తెర, బ్యాటరీ అన్నీ తలమీదే ఉంటాయి. ఇంట్లో కరెంటు పోయిన విషయం దానికి తెలియను కూడా తెలియదు, నిండుగా ఛార్జి ఉంటే రెండు గంటల పైచిలుకు నడుస్తుంది. పోయేది వైఫై రౌటర్. దాన్ని ఇన్వర్టర్‌కి కలపకపోతే ఆ క్షణమే కనెక్షన్ తెగుతుంది. అప్పుడు హారికకు ఏం కనిపిస్తుంది? రైలు ఉంటుంది, కొండలు ఉంటాయి, తల తిప్పితే లోకం మామూలుగానే తిరుగుతుంది, ఎందుకంటే ఆ బొమ్మలన్నీ గీస్తున్నది ఆమె హెడ్‌సెట్టే. తేడా వచ్చేది స్నేహితుల దగ్గర. బాపి చెయ్యి ఎత్తినవాడు ఎత్తినట్టే నిలిచిపోతాడు. లేదా ఆఖరున ఏ వేగంతో కదులుతున్నాడో అదే వేగంతో జారుకుంటూ పెట్టె గోడలోంచి బయటికి వెళ్ళిపోతాడు. కొత్త కబురు అందనంతసేపు చాలా ఆటలు పాత వేగాన్ని పట్టుకుని ఊహించి గీస్తాయి. ఇంకొన్ని సెకన్లకు ‘ఇతను పోయాడు’ అని నిర్ధారించుకుని బొమ్మను తీసేస్తాయి. అంటే కదిలే రైల్లో ప్రతి పిల్లా ఒంటరిగా మిగులుతుంది. పైగా హెడ్‌సెట్ స్పీకర్లు చెవుల్ని మూయవు, పక్కగదిలోంచి బాపి గొంతు వినిపిస్తూనే ఉంటుంది. ఎదురుగా బొమ్మ బిగుసుకుపోయి ఉంటుంది, మాట మాత్రం ఇంకో వైపు నుంచి వస్తుంది. చిక్కుకుపోవడం కంటే ఇది భయం గొలిపే దృశ్యం, పైసా అబద్ధం లేదు.

‘తీసేస్తే పోలా’ అన్న ప్రశ్న కచ్చితంగా వస్తుంది. రావాలి కూడా. చిక్కుకోవడమనే మాటే వదిలేయండి. తీయగలరు, తీస్తే నష్టం ఉంటుంది అని పెట్టండి. కొన్ని ఆటల్లో వేరే సర్వర్ ఉండదు, ఒక ఆటగాడి పరికరమే అందరికీ లెక్కలు చూస్తుంది. దాన్ని హోస్ట్ అంటారు. హోస్ట్ వెళ్ళిపోతే, ఆ బాధ్యత ఇంకొకరికి బదిలీ చేసే ఏర్పాటు ఆటలో లేకపోతే, అందరూ కలిసి ఆడే ఆట మొత్తం మూతపడుతుంది, దాచుకోని పురోగతి అంతా పోతుంది. హారిక హెడ్‌సెట్ హోస్ట్ అనుకోండి. ఆమె తీస్తే అందరి ఆటా పోతుంది. అమ్మ అన్నానికి పిలుస్తోంది, బ్యాటరీ 14 శాతం, ఇంకా రెండు స్టేషన్లున్నాయి. బంధించడానికి తాళం అక్కర్లేదు.

ఇందులో ఒక కిటుకు ఉంది, హారికకు పనికొస్తుంది. రెండు కటకాల మధ్య ఒక చిన్న సెన్సర్ ఉంటుంది. ముఖం ఉందా లేదా అని చూసేది అదే. ముఖం దూరమైతే తెర ఆపి హెడ్‌సెట్‌ను నిద్రపుచ్చుతుంది. గేములు తయారుచేసేవాళ్ళు మాటిమాటికీ పెట్టుకుని తీయలేక దానిమీద టేపు ముక్క అతికిస్తారు, దాంతో ముఖం ఉందనుకుని మేలుకునే ఉంటుంది. మీ కథలో ఆ టేపు అమ్మ అద్దానికి అంటించిన బొట్టుబిళ్ళ కావచ్చు. హారిక తీసి గది బయటికి పరిగెత్తి రావచ్చు, ఆట బతికే ఉంటుంది. కానీ బ్యాటరీ తరుగుతూనే ఉంటుంది, ఆటలో ఆమె బొమ్మ తల వాల్చేసి ఉంటుంది, హెడ్‌సెట్ బల్లమీద ఎలా పడి ఉంటే అలా.

నాని వయసు మార్చకండి, పాత్ర మార్చండి. మెటా హెడ్‌సెట్లకు కనీస వయసు 10, అదీ తల్లిదండ్రుల అదుపులో ఉండే ఖాతాతో. ప్లేస్టేషన్ వీఆర్‌కి 12. కారణాల్లో ఒకటి కళ్ళ మధ్య దూరం. పెద్దవాళ్ళలో అది సగటున 63 మిల్లీమీటర్లు. క్వెస్ట్ 2లో కటకాలు మూడు చోట్లే ఆగుతాయి: 58, 63, 68. ఎనిమిదేళ్ళ పిల్లాడి కళ్ళు సాధారణంగా 58 కంటే దగ్గరగా ఉంటాయి కాబట్టి మసకగా కనిపించి తలనొప్పి వస్తుంది. నానిని బయటే ఉంచి, ఫోన్లో ‘కాస్టింగ్’ చూసేవాడిగా పెట్టండి. హెడ్‌సెట్ పెట్టుకున్నవాళ్ళు చూసేది ఫోన్లో కనిపిస్తుంది, కాస్త ఆలస్యంగా. గది, ఆట రెండూ చూడగలిగేది వాడొక్కడే. రౌటర్ ఆగితే వాడి ఫోన్ కూడా నల్లబడుతుంది.

ముగ్గురు ఒకే ఇంట్లో ఆడాలంటే చోటు చూసుకోండి. నడుస్తూ ఆడే ఆటకు మనిషికి 2 మీటర్లు × 2 మీటర్లు ఖాళీ కావాలి. మీరు గీసుకున్న గీత దగ్గరికి వెళ్తే వలలాంటి గోడ కనిపిస్తుంది, దాటితే నిజమైన గది కనిపిస్తుంది. ఆ గోడ చుట్టూరా ఉంటుంది గానీ పైన కప్పు ఉండదు. సీలింగ్ ఫ్యాను గురించి హెడ్‌సెట్ ఏమీ చెప్పదు. చెయ్యెత్తి గొలుసు లాగే సన్నివేశం ఉంటే ఫ్యాను ఆపించండి. మేడ మీద ఆడిద్దామంటే పగలు కుదరదు: ఎండ కటకాల్లోంచి లోపలి తెర మీద ఒకేచోట పడితే మచ్చ కాలిపోతుంది, మళ్ళీ పోదు. రాత్రి చీకట్లో హెడ్‌సెట్ మీది కెమెరాలకు ఏమీ కనిపించదు. ఏ గుర్తూ లేని వెల్ల వేసిన గోడ కూడా వాటికి పనికిరాదు, ఓ క్యాలెండర్ తగిలిస్తే కుదుటపడుతుంది. నిలువుటద్దం ఉంటే గుడ్డ కప్పాలి. చేతుల్లో పట్టుకునే కంట్రోలర్ల మీది పరారుణ దీపాలను కెమెరాలు చూసి చెయ్యి ఎక్కడుందో లెక్కవేస్తాయి కాబట్టి, పండక్కి వేలాడదీసిన సీరియల్ బల్బుల్ని చూసి తికమకపడతాయి. రథయాత్ర రోజుల్లో కథ పెడితే ‘చేతులు ఎగిరిపోతున్నాయి’ అన్న సన్నివేశానికి ఈ ఒక్క కారణం చాలు.

వాసన తీసేయండి. వేడి కూడా. మామూలు హెడ్‌సెట్ ఇచ్చేది చూపు, శబ్దం, చేతిలో కంపనం, అంతే. నుదుటికి తగిలే వేడి ఒకటి ఉంది, అది పరికరం వేడెక్కడం. బొగ్గు వాసన నిజంగా వస్తే, ఇంట్లో ఏదో కాలుతోందన్నమాట. మీకు కావాలంటే అది వేరే అధ్యాయం.

జవాబు 2: గుణుపురం గేజి

రైలు, లోకం అంచు రెండూ నేను చూస్తాను.

పైకప్పు మీద పరుగు కాగితం మీద బాగుంటుంది, వీఆర్‌లో పిల్లలు వాంతి చేసుకుంటారు. లోపలి చెవి పసిగట్టేది వేగాన్ని కాదు, వేగంలో మార్పును. కళ్ళు ‘బండి కదిలింది’ అంటాయి, చెవి ‘కూర్చున్నచోటే ఉన్నావు’ అంటుంది, ఆ తగవు కడుపు మీదికి వస్తుంది. అందుకే బండి బయలుదేరేటప్పుడు, బ్రేకు వేసేటప్పుడు, మలుపుల్లోనే వికారం ఎక్కువ. తిన్నగా ఒకే వేగంతో పోతున్నంతసేపు పెద్దగా ఉండదు. కూర్చున్న పెట్టె చుట్టూ కదలకుండా ఉంటే, అంటే కిటికీ చట్రం, ఎదుటి బల్ల, పైన సామాన్ల అర కనిపిస్తూ ఉంటే తట్టుకోగలరు. పైకప్పు మీద అలా కళ్ళకు ఆనడానికి ఏదీ ఉండదు. సన్నివేశాన్ని పెట్టె లోపలికి దించండి. పైకప్పు తప్పదంటే టెలిపోర్ట్ పెట్టండి: కంట్రోలర్‌తో ఎదర చోటు చూపించి వదిలితే అక్కడ తేలతారు, మధ్య ప్రయాణం కనిపించదు. తిరగడం కూడా 30 లేదా 45 డిగ్రీల చొప్పున ఒక్కసారిగా. కదిలేటప్పుడు చూపు అంచులు నల్లబడటం ఇంకో ఉపాయం. బాపికి వికారం మొదలైతే ‘కాసేపు ఓర్చుకో’ అని ఎవరితోనూ అనిపించకండి, మొదటి లక్షణానికే ఆపాలి. అరగంట ఆటకి 10–15 నిమిషాల విరామం తయారీదారులు చెప్పే లెక్కే, దాన్ని కథలో గడియారంలా వాడుకోవచ్చు.

లోకం అంచు గురించి. ఆటలో ప్రతి వస్తువూ మూలబిందువు (లెక్క మొదలయ్యే సున్నా చోటు) నుంచి ఎంత దూరంలో ఉందో 32 బిట్ల దశాంశ సంఖ్యల్లో దాస్తారు. ఆ సంఖ్యలో పట్టే అంకెలు పరిమితం. దూరం పెరిగేకొద్దీ ముందు అంకెలకే చోటు సరిపోయి, చివరి చిన్న భిన్నాలు రాలిపోతాయి. మూలబిందువును నౌపడాలో పెట్టి, పట్టాలను ఒకే దిక్కున తిన్నగా పరిచి, ఆటలో ఒక యూనిట్ ఒక మీటరు అనుకోండి:

1 కిలోమీటరు దగ్గర అతి చిన్న అడుగు 0.06 మిల్లీమీటర్లు. కంటికి ఆనదు.
40 కిలోమీటర్ల దగ్గర సుమారు 4 మిల్లీమీటర్లు.
గుణుపురం, 90 కిలోమీటర్ల దగ్గర దాదాపు 8 మిల్లీమీటర్లు.

అంటే అక్కడ వేలిని నెమ్మదిగా కదపడం కుదరదు. 8 మిల్లీమీటర్ల మెట్ల మీద గంతులేస్తుంది. ముఖానికి దగ్గరగా పట్టుకున్న చేతులు వణుకుతాయి, వేళ్ళ కణుపులు విడిపోయి మళ్ళీ అతుక్కుంటాయి, గోడమీది రెండు పలకలు ఒకదాన్నొకటి కొరుకుతూ మిణుకుమంటాయి. దూరపు కొండలు మాత్రం నిబ్బరంగా ఉంటాయి. మీరడిగిన ‘చిరగడం’ ఇదే, పైగా ఒక్కసారిగా రాదు. కాశీనగరం స్టేషన్ దాటాక హారిక తన చేతులు వణుకుతున్నాయని, భయం వల్ల అనుకుంటుంది. సుమంతి చేతులు కూడా అలాగే వణుకుతున్నాయి. తర్వాత చూస్తే నేలమీద ఉన్న లాంతరు కూడా. అప్పుడు తెలియాలి.

విరుగుడు కూడా అంతే సొగసుగా ఉంటుంది: మూలబిందువును ఆటగాడితో పాటు జరుపుతారు. కొన్ని కిలోమీటర్లకోసారి రైలును సున్నా దగ్గరికి తెచ్చి, లోకాన్ని మొత్తం అంత దూరం వెనక్కి జరపడం. రైలు నిలబడి ఉంటుంది, మహేంద్రగిరి కొండ నడుస్తుంది. యంత్రబుద్ధి కావాలనే ఆ జరపడాన్ని ఆపేసిందని పెట్టండి, పిల్లలు మళ్ళీ మొదలుపెట్టించడమే ఆ అధ్యాయం.

గోడలోంచి దూరడానికి కూడా మంత్రం అక్కర్లేదు. ఢీకొన్నదా లేదా అని ఆట సెకనుకు 72 సార్లు చూస్తుందనుకుంటే, సెకనుకు 20 మీటర్ల వేగంతో విసిరిన బంతి ఒక్కో లెక్కకు 28 సెంటీమీటర్లు దూకుతుంది. గోడ మందం 10 సెంటీమీటర్లయితే, బంతి సైజు పక్కన పెడితే, మూడింట రెండుసార్లు ఆ గోడ ఉన్న సంగతే ఆటకు తెలియదు. మందం గోడ, మెల్లని బంతి అయితే దూరదు. పిల్లలు ఇది నాలుగు విసుర్లలో కనిపెట్టగలరు. ఇక తలను ఏ గోడా ఆపలేదు. నిజం తల ముందుకు వంగితే ఆటలో తల గోడలోకి వెళ్ళి తీరుతుంది; మంచి ఆటలు అప్పుడు తెర నల్లగా చేస్తాయి, బద్ధకంగా చేసినవి అవతలి గదిని చూపించేస్తాయి.

మహేంద్రతనయ

ఇద్దరికీ చాలా థాంక్స్. 8 మిల్లీమీటర్ల లెక్క చూశాక తొమ్మిదో అధ్యాయం చింపేసి మళ్ళీ మొదలెట్టాను. నకలు సంగతి ఇంకా మిగిలే ఉంది. స్టేషన్ల బోర్డుల్లో ఏదైనా చిక్కుముడి పెట్టొచ్చా అని కూడా ఆలోచిస్తున్నాను. సవర లిపిలో రహస్య సంకేతం పెడితే ఎలా ఉంటుంది?

జవాబు 3: ప్యాకెట్ పంతులు

మహేంద్రతనయ గారూ, నకలు తయారీ మీరనుకున్నంత కష్టం కాదు. ఆటకు మనిషి గురించి తెలిసేవి మూడే: తల, రెండు చేతులు. ఒక్కోదానికి చోటు చెప్పే అంకెలు 3, వాలు చెప్పేవి 4, మొత్తం 21 అంకెలు. సెకనుకు 72 సార్లు, ఒక్కో అంకెకు 4 బైట్లు లెక్కన సెకనుకు 6 కిలోబైట్లు. గంటసేపు సుమంతి కదిలిన కదలికంతా 22 మెగాబైట్లలో పడుతుంది, ఫోన్లో నాలుగైదు ఫొటోలంత. మూడు స్టేషన్ల పాటు యంత్రబుద్ధి దాన్ని రికార్డు చేసి, ముక్కలు అతికి వాడుకుంటుంది. కాళ్ళ గురించి ఆటకు ఏమీ తెలియదు, తల ఎత్తును బట్టి ఊహించి గీస్తుంది. కాబట్టి ‘కాళ్ళు వెనక్కి తిరిగి ఉన్నాయా’ అన్న దెయ్యం పరీక్ష ఇక్కడ చెల్లదు, అసలు సుమంతి కాళ్ళు కూడా అప్పుడప్పుడు వింతగానే ఉంటాయి. ఈ మాట బాపి చేత అనిపిస్తే పిల్లలు నవ్వుతారు.

పట్టుకోవడం ఎలా అంటే: కదలిక మనిషిని పట్టిస్తుంది. 2023లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 50 వేల మందికి పైగా వీఆర్ ఆటగాళ్ళ తల, చేతుల కదలికలు తీసుకుని, 100 సెకన్ల కదలిక ఉంటే 94 శాతం సార్లు మనిషిని సరిగ్గా గుర్తించవచ్చని చూపించారు. కానీ మీ నకలు సుమంతి సొంత కదలికలతోనే తయారైంది, ఆ పరీక్షలో పాసైపోతుంది. దాన్ని పడగొట్టేది కొత్త పని. రికార్డులో లేనిది అడగాలి.

చెమ్మచెక్క ఆడించండి. చప్పట్ల ఆటలో ఇద్దరూ ఒకరి వేగానికి ఒకరు సర్దుకుంటారు; ఒకరు కావాలని సగం మాత్ర ఆలస్యం చేస్తే రెండోవాళ్ళ అరచెయ్యి గాల్లో ఆగి వేచి ఉంటుంది. నకలు ఆగదు, అతికిన ముక్కను అదే వేగంతో నడుపుతుంది, చేతులు హారిక అరచేతుల్లోంచి దూసుకుపోతాయి. కంట్రోలర్‌లో కంపనం రావలసిన క్షణంలో రాదు. ఒక్క జాగ్రత్త: నెట్ ఆలస్యం ఉంటే నిజమైన సుమంతి కూడా తప్పుతుంది. పిల్లలు వేర్వేరు ఊళ్ళలో ఉండి మధ్యలో 100 మిల్లీసెకన్లు పోతుంటే ఈ పరీక్ష నమ్మకండి. ఒకే ఇంట్లో, ఒకే రౌటర్ మీద, హోస్ట్ కూడా అక్కడే ఉంటే ఆలస్యం చప్పట్లను చెడగొట్టేంత ఉండదు. పాపారావు గారు చెప్పిన హోస్ట్ ఏర్పాటు ఇక్కడ కలిసొస్తుంది.

టికెట్ల లెక్కతో కూడా ఒకటి చెయ్యొచ్చు. నెట్ మీద పంపే కబురు చిన్నదిగా ఉండాలని కొందరు చిన్న సంఖ్యల్ని ఒకే బైట్‌లో పంపుతారు. అందులో పట్టేది 0 నుంచి 255. ఇంకొక టికెట్ తీసుకుంటే లెక్క సున్నాకి తిరుగుతుంది. 255 టికెట్లున్నవాణ్ణి దిగనివ్వనని ఆటలోని టీసీ అంటే, ఇంకొకటి అడిగి పుచ్చుకోవడమే.

జవాబు 4: ఒత్తుల వీధి

బోర్డుల చిక్కుముడి తెలుగులోనే ఉంది, సిద్ధంగా.

తెలుగు అక్షరాలు కంప్యూటర్లో వరుస ముక్కలుగా దాచి ఉంటాయి. ‘స్టే’ అంటే స, పొల్లు, ట, ఏత్వం: నాలుగు ముక్కలు. వాటిని కలిపి కింద ఒత్తు, పైన గుణింతం సరిగ్గా కూర్చోబెట్టే పని వేరే ప్రోగ్రాం చేస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ పని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీది (వేరే ప్రోగ్రాంలు వాడుకునే సిద్ధంగా ఉన్న కోడ్). గేములు తయారుచేసే గోడో ఇంజిన్ నాలుగో వెర్షన్ నుంచి అదే వాడుతోంది. కానీ యూనిటీ అనే ఇంకో ఇంజిన్‌లో అక్షరాలు చూపించడానికి ఎక్కువమంది వాడే టెక్స్ట్‌మెష్‌ప్రో తెలుగు, ఒడియాల్లాంటి లిపులకు ఈ కూర్పు చెయ్యదు. ముక్కల్ని వచ్చిన వరుసలో పక్కపక్కన పెట్టేస్తుంది. అప్పుడు బోర్డు మీద ఇలా పడుతుంది: స్‌టేషన్ మాస్‌టర్. పర్‌లాకిమిడి. తలకట్టు పోవలసిన చోట పోదు, గుడి, ఏత్వం తలకట్టు మీదే ఎక్కి కూర్చుంటాయి.

దీన్ని తప్పించుకోవడానికి తయారీదారులు చేసే సులువు పని, బోర్డును బొమ్మగా గీయించి అతికించడం. బొమ్మలో ఒత్తు చెదరదు. అంటే ఆటలో ఒత్తు సరిగ్గా ఉన్న బోర్డు ముందే మనిషి చేత్తో గీసింది. ఒత్తు విడిపోయిన బోర్డు ఆట నడుస్తుండగా యంత్రం అప్పటికప్పుడు రాసింది. పిల్లలకు ఈ ఒక్క సూత్రం దొరికితే ఏ బోర్డును నమ్మాలో, ఏది దారి తప్పించడానికి పెట్టిందో చదువుకుంటూ పోతారు. తెలుగు బోర్డు హారికది, ఒడియా బోర్డు బాపిది. ఒడియాలోనూ యుక్తాక్షరాలు ఇలాగే విరుగుతాయి కాబట్టి ఒకరిది ఇంకొకరు సరిచూడొచ్చు.

మీకు ఇంకో అదృష్టం. ‘గుణుపురం’లో ఒత్తు లేదు, తలకట్టు తీసే గుణింతం కూడా లేదు. కాబట్టి ఆఖరి స్టేషన్ బోర్డు మనిషి గీసినా, యంత్రం రాసినా దాదాపు ఒకేలా ఉంటుంది. అప్పటిదాకా నమ్మకంగా పనిచేసిన సూత్రం సరిగ్గా అక్కడ చేతులెత్తేస్తుంది.

సవర లిపి గురించి కాస్త నిదానించండి. దాని పేరు సొరాంగ్ సొంపెంగ్, దాన్ని 1936లో మంగేయి గొమాంగో రూపొందించారు. 2012 నుంచి యూనికోడ్‌లో (కంప్యూటర్లన్నీ వాడే లిపుల ఉమ్మడి పట్టికలో) ఉంది. అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి నిలబడతాయి, ఒత్తులుగా కిందికి దిగవు. ఫాంట్ ఉంటే చాలు, కూర్పు రాని ఇంజిన్‌లో కూడా చెక్కుచెదరదు. కథకు మంచి మలుపే. కానీ ఆ లిపిని పూజించేవాళ్ళున్నారు. దాన్ని దుష్టయంత్రం చేతిలో సంకేతంగానో, మంత్రంగానో పెట్టడం నాకు నచ్చదు. సుమంతి తన పేరు, స్టేషన్ పేర్లు రాసుకునే లిపిగా పెట్టండి: యంత్రం పాడుచెయ్యలేని రాత కావాల్సినప్పుడు పిల్లలు తమలో తాము వాడుకుంటారు. మిగతా ఇద్దరికీ నేర్పేది సుమంతి. సవరలు గోడమీద వేసే ఇడితాల్ బొమ్మల్ని మాత్రం ఆయుధాలుగానో, లెవెల్ దాటే బటన్లుగానో మార్చకండి. అవి పూజకు సంబంధించినవి, ఇంటి అలంకారం కోసం వేసేవి కావు. ఇంకో సంగతి: సవరలందరికీ ఆ లిపి రాదు. మన జిల్లాలో రోమన్, ఒడియా లిపుల్లో చదువుకునేవాళ్ళున్నారు, ఆంధ్ర వైపు తెలుగు లిపిలో. సుమంతికి ఎవరు నేర్పారో ఒక వాక్యంలో చెప్పాలి.

జవాబు 5: పెన్సిల్ దిద్దుబాటు

పైనవాళ్ళు చెప్పినవన్నీ కరెక్టే, అన్నీ పెడితే నవల మునుగుతుంది. పిల్లల సంచికలకు వచ్చే ఇలాంటి కథల్లో ఎక్కువ చెడేది ఇక్కడే: ఒక తాతగారో, శాస్త్రవేత్త మామయ్యో వచ్చి రెండు పేజీలు ఉపన్యాసం ఇస్తాడు. 12 అధ్యాయాలకు ఐదు యంత్రసూత్రాలు చాలు. నేనైతే కరెంటు–రౌటర్, హోస్ట్, విరిగిన ఒత్తులు, చెమ్మచెక్క, వణికే చేతులు ఉంచుతాను. బైట్ లెక్క, బంతి లెక్క వదిలేస్తాను. గేజి గారికి కోపం రావచ్చు, బంతి మంచిదే, కానీ అదే పుస్తకంలో రెండో అంకెల పాఠం అవుతుంది.

ప్రతి సూత్రం మూడుసార్లు కనిపించాలి. మొదటిసారి వింతగా, ఎవరూ పట్టించుకోకుండా, రెండోసారి ఇబ్బందిగా, మూడోసారి పిల్లల చేతిలో పనిముట్టుగా. విరిగిన ఒత్తు మొదటి అధ్యాయంలో నవ్వులాటగా రావాలి, బాపి ‘స్‌టేషన్’ అని విడదీసి చదివి వెక్కిరించాలి. నాలుగులో తప్పుడు బోర్డును నమ్మి వేరే దారి పట్టాలి. ఎనిమిదిలో హారిక బోర్డు చూసీ చూడగానే ‘ఇది ఇప్పుడే రాశాడు’ అనాలి. అప్పటికి చదివే పిల్లకి వివరణ అవసరమే ఉండదు. 8 మిల్లీమీటర్లు అన్న అంకె కూడా అక్కర్లేదు, లాంతరు వణికితే చాలు.

నానిని బయట ఉంచమన్నది మేలైన సలహా. అయితే ఎనిమిదేళ్ళవాడు ఊరికే ఫోన్ చూస్తూ కూర్చోడు. రౌటర్ ఆగాక వాడికి పని పెట్టండి: ఇన్వర్టర్ పాయింట్ ఎక్కడుందో వెతకాలి, రౌటర్ అడాప్టర్ ఆ ప్లగ్గుకు చేరదు, ఎక్స్‌టెన్షన్ బోర్డు మామ్మ గదిలో ఉంది, మామ్మ నిద్రపోతోంది. రౌటర్ వెలిగాక నెట్ రావడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది, మీ ఉత్కంఠ అంతా అక్కడ ఉంది.

భాష గురించి ఒక మాట. బాపి ‘కొణొ హెలా?’ అని అరిస్తే పక్కన అర్థం రాయకండి. హారిక ‘ఏం కాలేదు, నువ్వు కదలకు’ అంటే తెలిసిపోతుంది. పర్లాకిమిడి పిల్లలు ఇంట్లో ‘ఏటి’, ‘ఎందుకలాగ’ అంటారు, వాళ్ళ చేత పాఠ్యపుస్తకం తెలుగు మాట్లాడించకండి. టీసీ మాత్రం పుస్తకాల తెలుగు మాట్లాడవచ్చు, వాడు యంత్రం.

మహేంద్రతనయ

బంతి తీసేశాను, గేజి గారు క్షమించాలి. ఆఖరి ప్రశ్న: పన్నెండో అధ్యాయంలో పిల్లలు నిజమైన రైల్లో గుణుపురం వెళ్తూ, ఆ పెట్టెలోనే హెడ్‌సెట్ పెట్టి ఆట చివరి ముక్క ఆడతారు. అది కుదురుతుందా?

జవాబు 6: పాలిగాన్ పాపారావు

మామూలుగా కుదరదు. హెడ్‌సెట్ లోపలి కదలిక సెన్సర్ బండి ఊపును పసిగడుతుంది, కెమెరాలేమో పెట్టె గోడలు చూసి ‘ఎక్కడికీ కదల్లేదు’ అంటాయి. రెండూ పొసగక ఆటలోని లోకం పక్కకి జారిపోతుంది, మలుపులో గిర్రున తిరుగుతుంది. కిటికీ పక్కన కూర్చుంటే బయట పరిగెత్తే చెట్లు కెమెరాల్లో పడి ఇంకా పాడవుతుంది. 2024లో మెటా ట్రావెల్ మోడ్ అని ఒకటి తెచ్చింది, ముందు విమానాలకు, తర్వాత రైళ్ళకు కూడా. అది ఆన్ చేసి, కిటికీకి దూరంగా, పెట్టె లోపలివైపుకు ముఖం పెట్టి కూర్చుని ఆడాలి. లేచి నిలబడే ఆటలు వద్దు. ఎండ కిటికీలోంచి కటకాల మీద పడకుండా, తీసిన ప్రతిసారీ హెడ్‌సెట్‌ను గుడ్డ సంచిలో పెట్టించండి. నెట్ మధ్యమధ్యలో పోతుంది కాబట్టి చివరి ముక్క ఒక్కరే ఆడేదిగా రాయండి. కంట్రోలర్లకు ఏఏ సైజు సెల్లు ఒక్కోదానికి ఒకటి పడుతుంది, అవి అయిపోతే ఏ స్టేషన్ దగ్గర కొట్లోనైనా దొరుకుతాయి. హెడ్‌సెట్ బ్యాటరీకి మాత్రం పవర్ బ్యాంకు ఇంటి దగ్గరే సర్దుకోవాలి.